కార్మిక చట్టాలు చదవడం ఎలా? మూడో పాఠం: చట్టం దృష్టిలో కార్మికుడు ఎవరు?

పోయిన పాఠంలో కార్మిక చట్టాలను రెండు గుంపులుగా విడదీశాం. కనీస వేతనం, పని గంటలు, ఓవర్‌టైమ్, వారపు సెలవు లాంటివి పని జరుగుతున్నంత కాలం వర్తించే ప్రమాణాలు. ప్రమాద పరిహారం, ప్రసూతి ప్రయోజనం, పింఛను, నిరుద్యోగ భృతి లాంటివి పని చేయలేని స్థితిలో మనిషిని ఆదుకునే సామాజిక చట్టాలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 1952లో చేసిన 102వ ఒడంబడిక ఈ రెండో గుంపును తొమ్మిది శాఖలుగా చూపిందని కూడా చదివాం.

ఈ రెండు గుంపులకూ తలుపు ఒక్కటే. మన ఎదురుగా ఉన్న మనిషిని ఆ చట్టం కార్మికుడిగా ఒప్పుకుంటుందా? ఒప్పుకోకపోతే మిగతా సెక్షన్లన్నీ కంఠతా వచ్చినా ఆ మనిషికి ఉపయోగం ఉండదు. ఓవర్‌టైమ్ లెక్కలు కొద్ది రోజుల్లో పట్టుబడతాయి. ఈ ప్రశ్నకు మాత్రం తీరిగ్గా టైమ్ ఇవ్వండి. వేతన బకాయి కేసు వేస్తే ఎదుటి పక్షం తరచూ మొదట ఎత్తే అభ్యంతరం ఇదే: ‘ఆయన మా ఉద్యోగి కాదు’.

ముందు చట్టంలోని నిర్వచనాల సెక్షన్ తెరవండి. ఎవరిని కలుపుకుంటోంది, ఎవరిని మినహాయిస్తోంది, ‘ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ’ లాంటి మాటలేమైనా ఉన్నాయా అన్నవి పెన్సిల్‌తో గీత గీసుకోండి. ఒక చట్టంలోని నిర్వచనాన్ని ఇంకో చట్టానికి అతికించవద్దు. ఒకే మనిషి ఒక చట్టం కిందకు వచ్చి, మరో చట్టం కిందకు రాకపోవచ్చు. బ్రిటన్‌లో పూర్తిస్థాయి ఉద్యోగికీ సొంతంగా వ్యాపారం చేసుకునేవారికీ మధ్య ‘వర్కర్’ అనే తరగతి ఒకటుంది. వర్కర్‌కి కనీస వేతనం, జీతంతో కూడిన సెలవు వస్తాయి. అన్యాయంగా తొలగించారని కేసు వేసే హక్కు మాత్రం మామూలుగా పూర్తి ఉద్యోగికే ఉంటుంది.

నిర్వచనం చదివాక వాస్తవాలు సేకరించాలి. 2006లో ఐఎల్‌ఓ చేసిన 198వ సిఫార్సు ఇక్కడ మంచి దారి చూపిస్తుంది. ఇరుపక్షాలూ ఆ సంబంధానికి కాగితం మీద ఏ పేరు పెట్టుకున్నా, పని నిజంగా ఎలా జరిగింది, డబ్బు ఎలా చెల్లించారు అన్నవే ప్రధానంగా చూడమంటుంది. సిఫార్సు కాబట్టి దేశాలను కట్టిపడేయదు. అయినా అందులోని సూచికలను నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోమని గట్టిగా చెబుతాను. పని ఎవరి ఆదేశాల మీద నడుస్తోంది? ఆ మనిషే స్వయంగా చేయాలా, వేరేవాళ్లను పంపవచ్చా? పనిముట్లు ఎవరివి? ఆదాయంలో ఎక్కువ భాగం అక్కడినుంచే వస్తోందా? నష్టం వస్తే ఎవరు భరిస్తారు? ఏ ఒక్క జవాబుతోనూ తీర్పు తేలిపోదు. అన్నీ కలిపి తూకం వేయాలి.

ఇప్పుడు ఒక నిజమైన కేసు మీద ప్రయత్నిద్దాం. భారత సుప్రీంకోర్టు 1973లో తేల్చిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు ఇది. అందులోని దర్జీలకు నెల జీతం లేదు, కుట్టిన బట్టను బట్టి కూలి. వచ్చే వేళ, వెళ్లే వేళ ఖచ్చితంగా లేవు. కొందరు బట్ట ఇంటికి తీసుకెళ్లి కుట్టేవారు. వేరే దుకాణానికి పని చేయకూడదన్న నిబంధనా లేదు. అయితే దుకాణంలోని కుట్టు మిషన్లు యజమానివి. కుట్టు సరిగా లేకపోతే తిప్పికొట్టి మళ్లీ కుట్టమనే హక్కు ఆయనది. మళ్లీ కుట్టకపోతే ఇక పని ఇచ్చేవాడు కాదు.

ఇక్కడ చదవడం ఆపి, మీ జవాబు నాలుగు వాక్యాల్లో రాయండి. తర్వాతే ముందుకు రండి.

దుకాణాల చట్టం కింద వాళ్లు ఉద్యోగులేనని కోర్టు చెప్పింది. చెప్పిన కారణాలు జాగ్రత్తగా చూడండి. నైపుణ్యం ఉన్న పనివాడికి సూది ఎలా పట్టుకోవాలో యజమాని చెప్పడు. కాబట్టి ‘ఎలా చేయాలో ఆదేశించాడా’ అన్న పాత పరీక్ష ఒక్కటే సరిపోదు. పని నచ్చకపోతే తిప్పికొట్టగలగడం కూడా నియంత్రణే. మిషన్లు యజమానివి కావడాన్ని కూడా కోర్టు లెక్కలోకి తీసుకుంది. రెండు చోట్ల పని చేసినంత మాత్రాన ఎవరూ స్వతంత్ర కాంట్రాక్టర్ అయిపోరు. పీస్‌రేటు (చేసిన పనిని బట్టి కూలి) అనగానే ‘ఉద్యోగి కాదు’ అని మీరు రాసి ఉంటే, మీ జవాబు పక్కన ఈ కారణాలు రాసుకోండి.

బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఇచ్చిన ఉబర్ తీర్పులో యజమాని స్థానంలో యాప్ ఉంది. డ్రైవర్లు స్వతంత్రులని, తాము బుకింగ్ ఏజెంటు మాత్రమేనని కంపెనీ ఒప్పందాల్లో రాసుకుంది. కోర్టు మొదలుపెట్టింది ఒప్పందంతో కాదు, చట్టంతో. బలహీన పక్షాన్ని కాపాడటానికి చేసిన చట్టాన్ని, బలమైన పక్షం తానే రాసిన కాగితంతో పక్కకు నెట్టనివ్వకూడదన్నది దాని తర్కం. ఈ సబ్జెక్టు మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే మాట ఇదే. ఛార్జీ కంపెనీ నిర్ణయిస్తోంది, ట్రిప్పులు ఎక్కువగా కాదంటే శిక్ష ఉంది, రేటింగ్‌తో అదుపు ఉంది, ప్రయాణికుడితో డ్రైవర్ నేరుగా సంబంధం పెట్టుకునే వీలు దాదాపు లేదు. వీటన్నిటినీ చూసి డ్రైవర్లు వర్కర్లేనని తేల్చింది.

రుజువు భారం ఎవరిదన్నది కూడా గమనించాలి. మామూలుగా ‘నేను కార్మికుణ్ణి’ అన్నవాడే నిరూపించుకోవాలి. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2018లో డైనమెక్స్ అనే డెలివరీ కంపెనీ కేసులో వేతన నిబంధనల విషయంలో దీన్ని తిరగేసింది. ఆ మనిషి తమ నియంత్రణలో లేడని, తమ మామూలు వ్యాపారానికి బయటి పని చేస్తున్నాడని, అతనికి అదే రకం సొంత వ్యాపారం ఉందని పని ఇచ్చినవారే చూపాలి. మూడింటిలో ఏ ఒక్కటి చూపలేకపోయినా అతను ఉద్యోగే. కాగితాలు, రికార్డులు ఎవరి చేతుల్లో ఉంటాయో ఆలోచిస్తే ఇదే న్యాయమని నా అభిప్రాయం.

అభ్యాసం: ఒకరు ఇంటి నుంచి ఒక సంస్థ కస్టమర్ల కాల్స్ తీసుకుంటారు. కంప్యూటర్, ఇంటర్నెట్ ఆమెవే. ఒప్పందంలో ‘ఫ్రీలాన్స్ కన్సల్టెంట్’ అని ఉంది. కాల్‌కి ఇంత అని చెల్లిస్తారు. షిఫ్టులు ముందు వారమే ఎంచుకోవాలి. రెండు షిఫ్టులు తప్పితే లాగిన్ ఆపేస్తారు. ప్రతి కాల్‌నీ రికార్డు చేసి మార్కులు వేస్తారు. ఆమె బదులు ఇంకొకరు మాట్లాడకూడదు. వేరే సంస్థకు పని చేయడానికి మాత్రం అభ్యంతరం లేదు.

ఏ వాస్తవం ఎటువైపు మొగ్గుతుందో పేజీకి రెండువైపులా రాయండి. తీర్పు చెప్పే ముందు ఆమెను అడగాల్సిన ప్రశ్నలు కనీసం రెండు రాయండి, ఇచ్చిన వాస్తవాలు సరిపోవు కాబట్టి. తర్వాత మీరు చదువుతున్న దేశంలోని కనీస వేతన చట్టం, ప్రమాద పరిహార చట్టం తీసుకుని, వాటి నిర్వచనాలతో విడివిడిగా జవాబు రాయండి. రెండు జవాబులూ ఒకటే కానక్కర్లేదు.

నాలుగో పాఠం పని గంటల మీద. కాల్ కోసం ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చున్న సమయం పని కిందకు వస్తుందా అన్నదానితో మొదలుపెడతాం, ఈ అభ్యాసం కాగితం దగ్గర ఉంచుకోండి.