ఎడ్యుకేషన్ లోన్: చదువుకునే రోజుల్లోనే పెరిగిపోయే వడ్డీని ఎలా ఆపుకోవాలి

ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్న ప్రతి ఇంట్లో వినపడే మాట, "చదువయ్యేదాకా ఏం కట్టక్కర్లేదంట కదా". మా నాన్న అదే అనుకున్నారు, నేనూ అదే అనుకున్నా. కట్టక్కర్లేదు, నిజమే. కానీ మొదటి ఫీజు కాలేజీ ఖాతాలో పడ్డ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, బ్యాంకు అడగదు కాబట్టి మనకి తెలీదు అంతే. కోర్సు ఉన్నన్నాళ్లూ, అయ్యాక ఇంకో ఏడాది, దీన్నే మారటోరియం అంటారు. బీటెక్‌కైతే నాలుగూ ఒకటీ ఐదేళ్లు, మనం అసలు జాగ్రత్తపడాల్సింది ఈ ఐదేళ్లలోనే.

ఒక లెక్క చూడండి. బీటెక్‌కి 6 లక్షలు, ఏడాదికి లక్షన్నర చొప్పున నాలుగుసార్లు ఇచ్చారనుకుందాం, వడ్డీ 10 శాతం. ఊళ్లో మనవాళ్ల లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకి 83 పైసలు, రూపాయి వడ్డీ కంటే తక్కువే, నాన్నకి ఇలా చెప్తేనే టక్కున అర్థమైంది. మారటోరియంలో బారువడ్డీనే వేస్తారు. మొదటి లక్షన్నర మీద ఐదేళ్లకి 75 వేలు, రెండోదాని మీద 60, మూడోదాని మీద 45, నాలుగోదాని మీద 30, మొత్తం 2 లక్షల 10 వేలు. ఐదేళ్లు అవగానే ఇదంతా అసల్లో కలిపేస్తారు, అంటే మీ అప్పు 8 లక్షల 10 వేలు, ఇక అక్కడి నుంచి వడ్డీకి కూడా వడ్డీ. పదేళ్లకి ఈఎంఐ సుమారు 10,700 పడుతుంది.

అదే వడ్డీ ఎప్పటికప్పుడు కట్టుకుంటూ వస్తే? మొదటి ఏడాది నెలకి 1,250, రెండో ఏడాది 2,500, మూడో ఏడాది 3,750, ఆ తర్వాత 5,000. చదువయ్యాక అసలు 6 లక్షలే ఉంటుంది, ఈఎంఐ 7,900 చిల్లర. కట్టిన ఆ 2 లక్షల 10 వేలు తీసేసి చూసినా లక్షా ఇరవై వేల పైన మిగులుతుంది. పైగా మారటోరియంలో వడ్డీ కట్టినవాళ్లకి కొన్ని బ్యాంకులు రేటు 1 శాతం దాకా తగ్గిస్తాయి, ఆ మాట శాంక్షన్ లెటర్‌లో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే మేనేజర్‌ని అడగండి. మొత్తం కట్టలేకపోతే కనీసం మొదటి ఏడాది 1,250 అయినా కట్టండి, అన్నిటికంటే ఎక్కువ కాలం పెరిగేది ఆ మొదటి లక్షన్నర మీద వడ్డీయే.

ఇంట్లో ఆదాయం తక్కువైతే మాత్రం ఈ వడ్డీ మీరు కట్టక్కర్లేదు, కేంద్రం కడుతుంది. ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకి 2009-10 నుంచి వడ్డీ రాయితీ ఉంది, టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సులకి మారటోరియంలో వడ్డీ మొత్తం వాళ్లే భరిస్తారు. 2024 నవంబర్లో పీఎం విద్యాలక్ష్మి వచ్చాక 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకి కూడా 10 లక్షల లోన్ వరకు 3 శాతం వడ్డీ రాయితీ పెట్టారు, కాకపోతే ఏడాదికి లక్ష మందికే. ఈ స్కీమ్‌లో ఆస్తి తాకట్టు ఉండదు, షూరిటీ ఉండదు. కానీ మీ కాలేజీ ఈ స్కీమ్‌కి కేంద్రం ఇచ్చిన కాలేజీల లిస్టులో ఉండాలి, సీటు మెరిట్ మీద రావాలి, మేనేజ్‌మెంట్ కోటా లెక్కలోకి రాదు. కాబట్టి కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునే ముందే లిస్టు చూసుకోండి, సీటొచ్చాక చూస్తే చేసేదేమీ ఉండదు.

ఈ రాయితీ దగ్గరే మేం దెబ్బతిన్నాం. మీసేవలో ఆదాయ ధ్రువపత్రం తీయించి, తహసీల్దార్ సంతకంతో బ్రాంచిలో ఇచ్చి, పనైపోయింది అనుకున్నాం. రెండో ఏడాది స్టేట్‌మెంట్ తీయిస్తే వడ్డీ వరస మొత్తం డెబిట్లే, సబ్సిడీ అన్న మాట ఒక్క లైన్లో కూడా లేదు. మా కాయితం ఫైల్లోనే ఉంది, బ్యాంకు వాళ్లు సబ్సిడీకి క్లెయిమ్ మాత్రం పెట్టలేదు. నాన్న కౌంటర్ దగ్గర ఆ స్టేట్‌మెంట్ మీద వేలు పెట్టి ఒక్కో లైనూ చదివించుకుంటూ నిలబడటం ఇప్పటికీ నాకు కళ్లముందు ఉంది. తర్వాత ఏడాదుల సబ్సిడీ వచ్చింది, మొదటి ఏడాదిది మేమే కట్టుకున్నాం. అందుకే చెప్తున్నా, సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు జిరాక్స్ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి, ఆర్నెల్లకోసారి స్టేట్‌మెంట్ తీసి సబ్సిడీ పడిందో లేదో చూడండి, పడకపోతే నోటితో కాకుండా కాయితం మీద రాసివ్వండి. ఇంకోటి, మధ్యలో చదువు మానేస్తే ఈ రాయితీ పోతుంది, అనారోగ్యం లాంటి కారణం ఉంటే తప్ప. డిగ్రీకి ఒకసారి వాడుకుంటే పీజీకి మళ్లీ రాదు.

అప్లికేషన్ ఆన్‌లైన్లో విద్యాలక్ష్మి పోర్టల్లోనే పెట్టండి, బ్రాంచిలో "తర్వాత రండి" అన్నా మీ చేతిలో ఒక నంబర్ ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేవాళ్లు ఆ డబ్బు లేటుగా వచ్చినా సరే, ఇంటి ఖర్చులో కలిసిపోకముందే లోన్ ఖాతాలో వేసేయండి.

ఈఎంఐ మొదలయ్యాక. గడువు 15 ఏళ్ల దాకా ఇస్తారు, నెలకి తక్కువ పడుతుందని అందరూ అటే వెళ్తారు. పైన చెప్పిన 8 లక్షల 10 వేలకి పదేళ్లలో మొత్తం కట్టేది సుమారు 12 లక్షల 85 వేలు, పదిహేనేళ్లయితే 15 లక్షల 67 వేలు. జీతం చిన్నదైతే పదిహేనే పెట్టుకోండి తప్పులేదు, కానీ బోనస్ వచ్చినప్పుడల్లా అసలు కట్టండి, ఫ్లోటింగ్ రేటు లోన్‌కి ముందే కట్టినందుకు ఛార్జీ వేయకూడదు. ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఈ లోన్ మీద కట్టిన వడ్డీ మొత్తానికి మినహాయింపు ఉంది, పరిమితి లేదు, వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాది నుంచి 8 ఏళ్లు, పాత ట్యాక్స్ పద్ధతి (ఓల్డ్ రెజీమ్) ఎంచుకున్నవాళ్లకే.

ఉద్యోగం రాలేదా, ఉన్నది పోయిందా, ఫోన్ ఎత్తకుండా దాక్కోకండి. వరసగా 90 రోజులు బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ అయిపోతుంది, అప్పులు సరిగ్గా కడుతున్నారా లేదా చెప్పే మీ సిబిల్ స్కోరుతో పాటు కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టిన నాన్న సిబిల్ కూడా పడిపోతుంది, రేపు చెల్లి చదువుకి లోన్ కావాలంటే అదే అడ్డం. మొదటి వాయిదా తప్పే ముందే వెళ్లి గడువు పెంచమని రాసివ్వండి. ఈఎంఐ కోసం మాత్రం బయట రెండ్రూపాయల వడ్డీకి తేకండి, ఏడాదికి 24 శాతం అది. రికవరీ వాళ్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు, చేస్తే టైముతో సహా రాసి పెట్టుకుని బ్యాంకుకి కంప్లయింట్ ఇవ్వండి, 30 రోజుల్లో తేలకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, పైసా ఖర్చు లేదు.

కొంత తగ్గిస్తాం సెటిల్ చేసుకోండి అంటే ఆలోచించుకోండి, సిబిల్‌లో "సెటిల్డ్" అని పడితే అది "క్లోజ్డ్" కాదు, తర్వాత లోన్ ఇచ్చేవాడు చూసేది అదే. మొత్తం కట్టేశాక ఇక బాకీ లేదని నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి, ఒకట్రెండు నెలలాగి సిబిల్ చూసుకోండి. ఇంటి కాయితాలు పెట్టుంటే 30 రోజుల్లో ఒరిజినల్స్ తిరిగిచ్చేయాలి, వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 చొప్పున మీకు కట్టాలి.