బేస్‌బాల్ ఫేవరెట్ (గెలుస్తుందని ఎక్కువ అంచనా ఉన్న టీమ్) మీద పందెం కాసే ముందు ఇవి చూసుకోండి

ముందు మీరున్న చోట చట్టం ఏమంటుందో చూడండి. 2018లో అమెరికా సుప్రీం కోర్టు స్పోర్ట్స్ బెట్టింగ్‌కు దారి తెరిచినా నిర్ణయం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. తెలంగాణలో, ఆంధ్రలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేయండి, ఆన్‌లైన్ బెట్టింగ్ అక్కడ నేరం.

మనీ లైన్ (ఎవరు గెలుస్తారన్న దాని మీదే పందెం) -200 అంటే 100 డాలర్ల లాభం కోసం 200 పెట్టాలి, అంటే ఆ టీమ్ మూడింట రెండు సార్లు గెలిస్తే మీకు అసలు మాత్రమే మిగులుతుంది. ఈ లెక్క వేయకుండా "ఎలాగూ డాడ్జర్సే గదా" అని టీమ్ పేరు చూసి కాసేయొద్దు.

రేటు బాగుందని రన్ లైన్ (రన్ల తేడా మీద పందెం) -1.5 వైపు వెళ్తున్నారా? మీ టీమ్ కనీసం రెండు రన్ల తేడాతో గెలవాలి. ఫేవరెట్ సొంత గ్రౌండ్‌లో ఆడుతుంటే ఇంకాస్త ఆలోచించండి, ఎందుకంటే తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అవతలి టీమ్ బ్యాటింగ్ అయ్యేసరికి ఆధిక్యంలో ఉంటే వీళ్లు మళ్లీ బ్యాటే పట్టరు, స్కోరు సమంగా ఉంటే (హోమ్ రన్ కొడితే తప్ప) గెలుపు రన్ రాగానే ఆట ముగుస్తుంది, అలా ఒక్క రన్ తేడాతో మీ టీమ్ గెలిచినా మీ డబ్బు పోతుంది, ఒళ్లు మండేది అక్కడే. బయటి నుంచి వచ్చిన టీమ్‌కైతే తొమ్మిదో ఇన్నింగ్స్ బ్యాటింగ్ ఖాయం.

స్టార్టింగ్ పిచర్ (ఆట మొదట్లో బంతి విసిరేవాడు) మారాడేమో ఆఖర్లో మరోసారి చూడండి. నిన్న బుల్‌పెన్‌ను (అతని తర్వాత దిగే పిచర్లను) ఎంత వాడారో కూడా.

అప్పు తెచ్చిన డబ్బయితే అసలు యాప్ తెరవొద్దు.