జూకో ఫుట్‌బాల్ సీజన్‌ని మొదటి నుంచి ఫైనల్ దాకా ఫాలో అవడం ఎలా

అమెరికన్ ఫుట్‌బాల్ చూద్దామనుకునే మనవాళ్ళలో చాలామంది నేరుగా సూపర్ బౌల్ (ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) రోజున టీవీ పెట్టి, గంటసేపు చూసి, ఆట కన్నా మధ్యలో వచ్చే యాడ్సే నయం అని లేచిపోతారు. నన్నడిగితే జూకోతో మొదలుపెట్టండి. జూకో అంటే జూనియర్ కాలేజీ. మన ఇంటర్ కాదు, అక్కడ హైస్కూల్ అయ్యాక చదివే రెండేళ్ళ కాలేజీ. మార్కులు చాలక పెద్ద యూనివర్సిటీలో సీటు రానివాళ్ళు, ఎవరి కంటా పడని చిన్న ఊళ్ళ కుర్రాళ్ళు, పెద్ద టీమ్‌లో ఏదో గొడవై బయటికొచ్చినవాళ్ళు అందరూ ఇక్కడే ఆడతారు. ఒక్కొక్కరికి ఉండేది సాధారణంగా రెండు సీజన్లే, అందుకే ఎవరూ తీరిగ్గా ఆడరు.

రూల్స్ ఈ మాత్రం తెలిస్తే చాలు. బంతి చేతిలో ఉన్న టీమ్ నాలుగు ప్రయత్నాల్లో పది యార్డులు ముందుకెళ్ళాలి, వెళ్తే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు, లేకపోతే బంతి అవతలివాళ్ళకి. టచ్‌డౌన్‌కి, అంటే బంతిని అవతలి చివరి గీత దాటిస్తే, 6 పాయింట్లు, ఆ వెంటనే కొట్టే కిక్‌కి 1, ఫీల్డ్ గోల్‌కి, అంటే బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపితే, 3. మిగతావి చూస్తూ చూస్తూ వస్తాయి, ముందే బట్టీ కొట్టక్కర్లేదు.

ఇప్పుడు నడుస్తున్న సీజన్‌లోకి దూకే ముందు, అయిపోయిన ఒక చాంపియన్‌షిప్ సీజన్ తీసుకుని తీరిగ్గా చదవండి. నా సలహా 2021లో న్యూ మెక్సికో మిలిటరీ ఇన్‌స్టిట్యూట్ గెలిచిన సీజన్. రాజ్‌వెల్ అనే ఊళ్ళో ఉంటుంది, అక్కడి స్టూడెంట్లు యూనిఫామ్ వేసుకుని బ్యారక్స్‌లో ఉండే క్యాడెట్లు, ఫుట్‌బాల్ ఆడేవాళ్ళూ అంతే. ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ డల్లాస్ కౌబాయ్స్‌కి ఒకప్పటి క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపించేవాడు) రోజర్ స్టాబాక్ నేవల్ అకాడమీకి వెళ్ళే ముందు ఒక ఏడాది చదివింది ఇక్కడే.

వెతికేటప్పుడు ఒక తిరకాసు ఉంది. కోవిడ్ వల్ల 2020 సీజన్‌ని 2021 వసంతానికి వాయిదా వేశారు, దాని ఫైనల్ జూన్‌లో జరిగింది, కాన్సస్‌లోని హచిన్సన్ కాలేజీ 29-27తో స్నో కాలేజీని ఓడించింది. మళ్ళీ డిసెంబర్‌లో అసలు 2021 సీజన్ ఫైనల్. అంటే ఒకే క్యాలెండర్ ఏడాదిలో ఇద్దరు చాంపియన్లు. ఏ నెల మ్యాచ్ చదువుతున్నారో చూసుకోకపోతే తల తిరుగుతుంది. మనకి కావాల్సింది డిసెంబర్‌ది: లిటిల్ రాక్‌లోని వార్ మెమోరియల్ స్టేడియం, ఎదురుగా అయోవా వెస్టర్న్ కాలేజీ, స్కోరు 31-13. నాలుగు టీమ్‌లతో ప్లేఆఫ్ పెట్టడం కూడా ఆ సీజన్‌తోనే మొదలైంది.

స్కోరు చూసి ఆగిపోతే సగమే చూసినట్టు. రోస్టర్, అంటే ఆటగాళ్ళ జాబితా తెరవండి. ప్రతి పేరు పక్కన ఫ్రెష్‌మనా (మొదటి ఏడాది) సోఫమోరా (రెండో ఏడాది) అని ఉంటుంది, చాలాచోట్ల అంతకుముందు ఆడిన కాలేజీ పేరు కూడా. సోఫమోర్లు ఎక్కువగా ఉంటే ఆ టీమ్ ఈ ఏడాదే గెలవాలి, వచ్చే ఏడాది వాళ్ళుండరు. పేరున్న యూనివర్సిటీ నుంచి దిగొచ్చినవాళ్ళని బౌన్స్‌బ్యాక్ అంటారు, వాళ్ళ మీద ఓ కన్నేసి ఉంచండి. టెక్సస్‌లోని బ్లిన్ కాలేజీ 2009లో టైటిల్ కొట్టినప్పుడు క్వార్టర్‌బ్యాక్ కామ్ న్యూటన్, ఫ్లోరిడా యూనివర్సిటీ వదిలేసి వచ్చినవాడు. ఆడింది ఒక్క సీజనే. మరుసటి ఏడాది ఆబర్న్ యూనివర్సిటీకి వెళ్ళి హైస్‌మన్ ట్రోఫీ (ఆ ఏటి ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చేది), నేషనల్ టైటిల్ రెండూ కొట్టాడు, 2011లో ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ అతనే.

అందుకే జూకోలో నిరుటి ర్యాంక్ చూసి ఈ ఏటి టీమ్‌ని అంచనా వేయడం నాకు పెద్దగా నచ్చదు. కోచ్ మాత్రం మారకపోతే లెక్క వేరు. 2021 డిసెంబర్ ఫైనల్ ఓడిన అయోవా వెస్టర్న్ 2022లోనూ 2023లోనూ వరసగా గెలిచింది, 2022 ఫైనల్లో హచిన్సన్‌కి ఒక్క పాయింట్ కూడా ఇవ్వలేదు, 31-0. ఆటగాళ్ళు మారినా పద్ధతి మారకపోవడం అంటే అదీ.

ఇక లైవ్‌కి వద్దాం. సీజన్ ఆగస్టు చివర్లో మొదలై నవంబర్‌లో లీగ్ మ్యాచ్‌లు ముగుస్తాయి. ఒక కాన్ఫరెన్స్, అంటే ఒకదానితో ఒకటి ఆడే కాలేజీల గుంపు, పట్టుకోండి, అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడలేరు. కాన్సస్, మిసిసిపీ, టెక్సస్ వైపు పోటీ గట్టిగా ఉంటుంది. డల్లాస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్ళకైతే సులువు, కోర్సికానాలో నవారో కాలేజీ ఉంది, దక్షిణంగా గంట డ్రైవ్, పైగా రాజ్‌వెల్ టీమ్ కూడా అదే కాన్ఫరెన్స్‌లో ఆడుతుంది. ఇండియా నుంచి చూసేవాళ్ళు కాలేజీల సొంత స్ట్రీమ్‌లు వెతుక్కోవాలి, కెమెరా ఒక్కటే ఉన్నా, కామెంటేటర్ ఆటగాళ్ళ పేర్లు తప్పు చదివినా సర్దుకుపోవాలి. టైమ్ జాగ్రత్త: టెక్సస్‌లో శనివారం మధ్యాహ్నం ఒంటిగంట అంటే మనకి రాత్రి పదకొండున్నర, నవంబర్ మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కి తిప్పాక పన్నెండున్నర.

డిసెంబర్‌లో అసలు టెన్షన్ వేరే. ఫైనల్ జరిగే నెలలోనే నాలుగేళ్ళ యూనివర్సిటీలు తమ టీమ్‌లో చేరే ఆటగాళ్ళ సంతకాలు తీసుకుంటాయి, 2021లో రెండూ ఒకే వారం పడ్డాయి. కాబట్టి ఫైనల్ రోజు ఎవరు ఎక్కడికి సంతకం పెట్టారో పక్కన పెట్టుకుని చూడండి.

ఫైనల్‌తో సీజన్ మూసేయకండి, ఒక ఆటగాణ్ణి పట్టుకుని వెంట వెళ్ళండి. న్యూ మెక్సికో మిలిటరీ 2021 టీమ్‌లో క్వార్టర్‌బ్యాక్ డియెగో పావియా అందుకు సరిగ్గా సరిపోతాడు. న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళాడు, అక్కణ్ణించి వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి, 2024 అక్టోబర్‌లో నంబర్ వన్ ర్యాంక్‌లో ఉన్న అలబామా యూనివర్సిటీని 40-35తో ఓడించిన రోజు క్వార్టర్‌బ్యాక్ అతనే. తర్వాత, జూకోలో ఆడిన ఏళ్ళని పెద్ద కాలేజీలో ఆడగలిగే ఏళ్ళ లెక్కలో కలపడం అన్యాయమని ఎన్‌సీఏఏ (పెద్ద కాలేజీల ఆటలు నడిపే సంస్థ) మీద కోర్టుకెళ్ళాడు, ఆ డిసెంబర్‌లో టెనెసీ జడ్జి అతనికి అనుకూలంగా ఉత్తర్వు ఇచ్చాడు, అలాంటి మిగతా జూకో ఆటగాళ్ళకి కూడా 2025లో ఇంకో సీజన్ ఆడే వీలు దొరికింది. మీరు ఎంచుకున్న టీమ్‌లో సోఫమోర్ల పేర్లు ఇప్పుడే ఓ చోట రాసి పెట్టుకుంటే, వచ్చే ఆగస్టులో వాళ్ళని కొత్త జెర్సీల్లో వెతకడం తేలిక.