కనిష్ఠ సామాన్య గుణిజం (క.సా.గు.) కనుక్కోవడానికి పెద్ద సంఖ్య ఎక్కం ఒక్కటే చాలు

రెండు సంఖ్యల ఉమ్మడి గుణిజాలు కనుక్కోమన్నప్పుడు పిల్లలు సాధారణంగా రెండు ఎక్కాలనూ పక్కపక్కన రాసుకొని, రెండు వరుసల్లోనూ కనిపించే సంఖ్యలకు సున్నా చుడుతూ పోతారు. పద్ధతి తప్పు కాదు గాని, శ్రమ ఎక్కువ. పెద్ద సంఖ్య గుణిజాలను మాత్రమే వరుసగా చెప్పుకుంటూ, ఒక్కొక్కదాన్నీ చిన్న సంఖ్య నిశ్శేషంగా భాగిస్తుందేమో చూస్తే సరిపోతుంది. ఉదాహరణకు 12, 30 తీసుకుంటే, 30ని 12తో భాగించినప్పుడు 6 మిగులుతుంది, 60ని భాగిస్తే ఏమీ మిగలదు. కాబట్టి రెండో అడుగులోనే కనిష్ఠ సామాన్య గుణిజం 60 దొరికింది. ఆపై వాటి ఉమ్మడి గుణిజాలన్నీ 60 ఎక్కమే: 120, 180, 240, ఇలా అంతులేకుండా సాగుతాయి.

తొందరపడి 12ను 30తో గుణించేస్తే 360 వస్తుంది. అదీ ఉమ్మడి గుణిజమే గాని కనిష్ఠం కాదు. 8, 15 వంటి, 1 తప్ప వేరే ఉమ్మడి కారణాంకం లేని జతలకు మాత్రమే లబ్ధమే క.సా.గు. అవుతుంది.

ఈ 12, 30 జతను ఊరికే ఎంచుకోలేదు. రాశిచక్రాన్ని ఒకసారి చుట్టి రావడానికి గురుడికి దాదాపు 12 ఏళ్లు, శనికి దాదాపు 30 ఏళ్లు పడుతుంది కనుక, రెండు గ్రహాలూ సుమారుగా మొదటి స్థానాలకే తిరిగి చేరేది 60 ఏళ్లకు. ప్రభవ మొదలుకొని మన సంవత్సరాల పేర్లు అరవై కావడాన్ని ఈ లెక్కతోనే ముడిపెట్టి చెబుతుంటారు. 1987 ఉగాదితో మొదలైన ప్రభవ మళ్లీ 2047లో వస్తుంది.