గర్భిణి పడకను వెచ్చబరిచే పద్ధతి

కోనసీమలోనూ భీమవరం పరిసరాల్లోనూ ధనుర్మాసపు రాత్రులు పొగమంచుతో, తేమతో వణికిస్తాయే గాని, రాత్రంతా కరెంటుతో కాగే దుప్పటి కప్పుకోవలసినంత చలి ఇక్కడ అరుదు. అయినా ఇంట్లో ఎలక్ట్రిక్ దుప్పటి ఉంటే, గర్భిణి దానితో పక్కను వెచ్చబరచుకోవచ్చు; ఒంటిని మాత్రం వేడెక్కనివ్వకూడదు.

పిండంలో మెదడు, వెన్నుపాముగా రూపొందే నాళం గర్భం నిలిచిన తొలి నాలుగు వారాల్లోనే, అంటే చాలామందికి నెల తప్పిన సంగతి రూఢి కాకముందే, మూసుకుంటుంది కనుక, ఆ రోజుల్లో తల్లి శరీరపు లోపలి ఉష్ణోగ్రత 39 డిగ్రీల సెల్సియస్ (సుమారు 102 ఫారన్‌హీట్) దాటితే ఆ నాళంలో లోపాలు ఏర్పడే ముప్పు పెరుగుతుంది. ఈ ముప్పు ప్రధానంగా తీవ్ర జ్వరంలోనూ వేడినీటి తొట్టెల వాడకంలోనూ గమనించినది. తక్కువ వేడిలో ఉంచిన దుప్పటి సాధారణంగా చర్మాన్ని వెచ్చబరచి ఊరుకుంటుంది.

పడుకునే ముందు కాసేపు దుప్పటిని అతి తక్కువ వేడిలో పక్క మీద పరచి ఉంచి, పక్క చేరేముందు స్విచ్ ఆపి ప్లగ్ కూడా తీసెయ్యాలి. దాన్ని మడతపెట్టి వాడరాదు. తీగ చిట్లితే పారేయడమే మంచిది. జ్వరం ఉన్నవారు, మధుమేహంతో కాళ్లలో స్పర్శ తగ్గినవారు దాని జోలికి పోకూడదు. ఉమ్మనీరు పోతున్న అనుమానం ఉంటే తడికి, కరెంటుకు పొత్తు కుదరదు గనుక దాన్ని పక్క మీంచే తీసేసి ఆసుపత్రికి వెళ్లాలి.

నా మటుకు వేడినీళ్ల సంచే మేలనిపిస్తుంది. మరిగే నీళ్లు కాక చేయి తాళగలిగే వేడినీళ్లు పోసి, బిరడా బిగించి, తువ్వాలు చుట్టి నడుము దగ్గర కాసేపు ఉంచుకోవాలి. పొట్ట మీద వద్దు. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతుంటే అది రక్తం గడ్డకట్టడం వల్ల కావచ్చు కాబట్టి, కాపడం పెట్టక వైద్యులకు చూపించాలి.

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది మంచం కింద కుంపటి. పెద్దవారు ఎంత ప్రేమతో పెట్టినా, తలుపులు మూసిన గదిలో బొగ్గులు గాని కొబ్బరి చిప్పలు గాని కాలితే వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అది తల్లి రక్తం నుంచి శిశువు రక్తంలోకి చేరి, అక్కడ తల్లిలోకంటే ఎక్కువగా పేరుకుని, ప్రాణవాయువు అందనివ్వదు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం కనిపిస్తే వేవిళ్లని సరిపెట్టుకోక, వెంటనే ఆమెను ఆరుబయటికి తీసుకువచ్చి 108కి ఫోన్ చేయాలి.