వివక్ష గురించి ఊళ్లో కూర్చుని మాట్లాడాలంటే

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ చుట్టుపక్కల తెలుగు, ఒడియా, గిరిజన భాషలైన సవర, కుయి మాట్లాడేవాళ్లు ఒకే సంతలో బేరాలాడుకుంటారు. కులం గురించీ, యాస గురించీ, ఒంటి రంగు గురించీ పడ్డ మాటలు చెప్పుకోవడానికి మాత్రం ఒకచోట కూర్చోరు. కూర్చోబెట్టాలంటే పని వారం ముందే మొదలుపెట్టాలి.

పన్నెండు మందికి మించి పిలవకండి. ఇంటింటికీ వెళ్లి ఏం మాట్లాడతామో, ఎవరెవరు వస్తున్నారో చెప్పండి. దళితులనైనా సవరలనైనా ఒక్కరినే పిలిస్తే, పాపం తమవాళ్లందరి తరఫునా ఆ ఒక్కరే సాక్ష్యం చెప్పాల్సి వస్తుంది. ముగ్గురైనా ఉండాలి. నడిపే ఇద్దరిలో ఒకరు వాళ్లలోనివారైతే మేలు.

పెద్దరైతు వాకిలీ గుడి మండపమూ వద్దు, ఆదివారం బడి గది చాలు. అందరికీ చాపలు వేయండి, లేదా అందరికీ కుర్చీలు. కలగలిపి వేస్తే కింద కూర్చునేదెవరో ఎవరూ చెప్పకుండానే తేలిపోతుంది. టీ దగ్గర మరీ జాగ్రత్త. దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి ఎరిగినవాళ్లు పళ్లెం రాగానే చూసేది గ్లాసులనే. స్టీలు గ్లాసులు నాలుగు తక్కువై ఆ నలుగురికీ పేపర్ కప్పులిచ్చారో, ఇక వాళ్లు నోరు విప్పరు.

గంటన్నర పెట్టుకోండి. ముందు పది నిమిషాలు కట్టుబాట్లకు: ఫోన్లు సంచిలో, మనిషికి రెండు నిమిషాల వంతు, చెప్పడం ఇష్టం లేకపోతే కారణం అడగరు. సవరలో చెప్పేవాళ్లకు తర్జుమా ఉంటుంది కాబట్టి వంతు రెట్టింపు చేయండి. ‘తెలుగులోనే చెప్పు’ అనడం కూడా చిన్నచూపే. గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని వాచకాలు రాసింది ఈ పర్లాకిమిడిలోనే. ‘ఇక్కడి మాట బయటికి పోదు’ అని మాత్రం హామీ ఇవ్వకండి. ఊరు చిన్నది, పోతుంది. పొక్కినా నష్టం లేనంతవరకే చెప్పమనండి.

మన ఒడియా యాసకు ఆఫీసుల్లో నవ్వారన్న బాధతో మొదలుపెడితే తెలుగువాళ్లు తేలిగ్గా మాట్లాడతారు. అక్కడే గంట గడిచిపోనివ్వకండి. ‘కొండోళ్లు’ అని మనం అనే మాట కూడా బల్ల మీదికి రావాలి.

‘మా ఊళ్లో అలాంటివేం లేవండీ’ అని ఒకరు తప్పకుండా అంటారు. వాదనకు దిగకండి. ‘మీ కంట పడలేదన్నమాట. పడినవాళ్లుంటే విందాం’ అనండి. ఇంతకంటే చిక్కు, మాట జారినాయన కళ్లనీళ్లు పెట్టుకోవడం. అందరూ ఆయన్ని ఓదార్చడంలో పడి, మాట పడ్డ మనిషిని మరిచిపోతారు. నడిపేవాళ్లలో ఒకరు ఆయన్ని వరండాలోకి తీసుకెళ్లి మంచినీళ్లివ్వాలి. రెండోవారు ఆమె వైపు తిరిగి ‘మీరు చెప్తున్నది పూర్తి చేయండమ్మా’ అనాలి.

దళితుల మీదో గిరిజనుల మీదో దాడి జరిగిందనీ, బావి దగ్గరికి రానివ్వలేదనీ బయటపడితే అక్కడే రాజీ కుదర్చకండి. అది 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం చూడాల్సిన సంగతి. హెల్ప్‌లైన్ నంబరు 14566 ఇవ్వండి. ఫోను చేయాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం.

రెండు రోజులాగి, మాట్లాడినవాళ్ల ఇళ్లకు మళ్లీ వెళ్లండి. కూలికి పిలుస్తున్నారా, కొట్లో అప్పు ఇస్తున్నారా అని అడగండి. ఒక్కరికి పని ఆగినా, అది తేలేదాకా తర్వాతి సమావేశం పెట్టకండి.