సిగ్నల్ అందని ఊళ్లోనూ బొమ్మల కథలతో చదువు

మీ ఊళ్లో నెట్ సరిగా అందకపోయినా, పట్నం వెళ్లినప్పుడు ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైటు నుంచి తెలుగు బొమ్మల కథలను పీడీఎఫ్ రూపంలో ఉచితంగా ఫోన్‌లోకి దింపుకొని ఉంచుకోవచ్చు. పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉండే మొదటి స్థాయి కథలతోనే, చదవడం నేర్చుకునేది పెద్దవాళ్లైనా సరే, మొదలుపెట్టడం మేలు. రాత్రి భోజనాలయ్యాక మనవరాలు ఒక్కొక్క మాట కింద వేలు జరుపుతూ చదువుతుంటే నాయనమ్మ అదే మాటను పైకి పలకాలి. ఆ తర్వాత ‘చెట్టు’లోని ట ఒత్తును ఆవిడ పలక మీద తానే రాసి చూసుకుంటే అది గుర్తుండిపోతుంది. తెర మీద అక్షరాలను వేళ్లతో పెద్దవి చేసుకోవచ్చు గనుక, చత్వారం ఉన్నవారికి అచ్చు పుస్తకం కంటే ఇదే సుఖమని నా అభిప్రాయం. ఫోన్ మాత్రం పిల్ల చేతిలో కాక ఇద్దరి మధ్యా పీట మీద ఉండాలి.